లెక్కపెట్టినవాడు: లారీ క్రేమర్ జీవితం, రచన, తగాదాలు

సభకు నమస్కారం.

1987 మార్చి 10వ తేదీ రాత్రి న్యూయార్క్‌లో, గే, లెస్బియన్ సమాజం నడుపుకునే ఒక కమ్యూనిటీ సెంటర్‌లో ఉపన్యాసం ఏర్పాటయింది. మాట్లాడవలసింది నోరా ఎఫ్రన్ అనే పేరున్న రచయిత్రి, కానీ ఆమెకు రావడం కుదరలేదు. ఒకరి బదులు వచ్చిన వక్త సాధారణంగా రానివారి గొప్పతనం గురించి రెండు ముక్కలు చెప్పి, తన అర్హతారాహిత్యానికి క్షమాపణ కోరి, ఆ తర్వాత గంటసేపు మాట్లాడతాడు. ఆ రాత్రి ఎఫ్రన్ బదులు వచ్చిన యాభై ఒక్క ఏళ్ళ మనిషి అలాంటి మర్యాదలేవీ పాటించలేదు. గదిలో మూడింట రెండు వంతుల మందిని లేచి నిలబడమన్నాడు. వాళ్ళు లేచాక, మీరంతా ఐదేళ్ళలోపు చచ్చిపోవచ్చు అన్నాడు. ఆ మాటలో అతిశయోక్తి ఎంత ఉందో తేల్చుకునే తీరిక ఆ గదిలో ఎవరికీ లేదు, ఎందుకంటే అప్పటికే ఎయిడ్స్‌తో పోయిన స్నేహితులను వారానికి ఒకరిద్దరిని సాగనంపి వస్తున్నవాళ్ళు వాళ్ళు. రెండు రోజుల తర్వాత మళ్ళీ సమావేశమై ఒక ఉద్యమాన్ని మొదలుపెట్టారు.

ఆ వక్త పేరు లారీ క్రేమర్, అమెరికన్ రచయిత. పేరు వినగానే మనకు హైవే మీద లారీ గుర్తొస్తే అందులో తప్పేమీ లేదు. మన లారీల వెనక ‘హారన్ ప్లీజ్’ అని రాసి ఉంటుంది. ఈయనకు ఆ అభ్యర్థన అక్కర్లేకపోయింది, బతికినంతకాలం హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు.

ఆయన్ను ప్రపంచం కోపిష్ఠిగా గుర్తుపెట్టుకుంది, ఆ కోపానికి సాక్ష్యాలు కూడా బోలెడు. అయితే ఆయన రాసినవి వరుసగా చదివినప్పుడు నాకు తట్టింది వేరే సంగతి. క్రేమర్ ప్రధానంగా లెక్కలు రాసిన మనిషి. తెలుగులో లెక్కపెట్టడం వేరు, లెక్కచేయడం వేరు. మొదటిది వేళ్ళతో చేసే పని, రెండోది మనసుతో చేసేది. తన వాళ్ళను ఎవరూ లెక్కచేయడం లేదని తెలిసిన మనిషి, కనీసం లెక్కపెట్టండి అని నలభై ఏళ్ళు అరిచాడు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ లెక్కల గురించే.

ముందు ఒక మాట. మన పత్రికలు చాలాకాలం ‘స్వలింగ సంపర్కులు’ అనే పదాన్ని వాడాయి, కొన్ని ఇప్పటికీ వాడుతున్నాయి. మనిషిని మొత్తంగా పడకగదిలోకి నెట్టి తలుపు వేసే పదం అది. ఆలుమగలను ఎవరూ ‘పరలింగ సంపర్కులు’ అని పరిచయం చేయరు కదా. అందుకని నేను గే అనే మాటే వాడతాను. విచిత్రమేమిటంటే, క్రేమర్ తన వాళ్ళ మీద చేసిన మొట్టమొదటి ఫిర్యాదు కూడా దాదాపు ఇదే. మనల్ని మనమే పడక మేరకు కుదించుకుంటున్నాం అన్నాడు. దానికి ఆయన చెల్లించిన మూల్యం దగ్గరకు తర్వాత వస్తాను.

క్రేమర్ 1935 జూన్ 25న కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు, వాషింగ్టన్ పరిసరాల్లో పెరిగాడు. తండ్రికి ఈ కొడుకు నడక, మాట, నాటకాల పిచ్చి ఏవీ గిట్టలేదు, ఆడంగివాడని ఎత్తిపొడిచేవాడు. 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి ఏడాదే, అక్కడ తనలాంటివాడు తానొక్కడే అనుకుని, ఆస్పిరిన్ మాత్రలు మింగి ప్రాణం తీసుకోబోయాడు. బతికి బయటపడి, చదువు పూర్తిచేసి, సినిమా కంపెనీలో టెలిటైప్ ఆపరేటర్‌గా మొదలై, లండన్ వెళ్ళి, డి.హెచ్. లారెన్స్ నవల ‘విమెన్ ఇన్ లవ్’ను సినిమాగా రాసి నిర్మించాడు. 1969లో వచ్చిన ఆ సినిమా స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. తర్వాత రాసిన ‘లాస్ట్ హొరైజన్’ 1973లో విడుదలై ఘోరంగా దెబ్బతింది. కానీ దానికి ముట్టిన పారితోషికాన్ని లాయరైన అన్న ఆర్థర్ జాగ్రత్తగా పెట్టుబడి పెట్టడంతో, క్రేమర్‌కు ఇక ఎవరి దగ్గరా పనిచేయవలసిన అవసరం లేకుండా పోయింది. ఈ డబ్బు సంగతిని ఆయన అభిమానులు ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఇది కీలకంగా కనిపిస్తుంది. యజమాని లేనివాడికి, ఇంటి అద్దె బెంగ లేనివాడికి నోరు తెరవడం తేలిక. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళలో చాలామందికి ఆ వెసులుబాటు లేదు, వాళ్ళను పిరికివాళ్ళని తిట్టేటప్పుడు ఆయనకు ఈ తేడా గుర్తుండేది కాదు.

1978లో ఆయన తొలి నవల ‘ఫాగట్స్’ వచ్చింది. గే మగవాళ్ళ మీద వీధిలో విసిరే తిట్టు అది, దాన్నే పుస్తకానికి పేరుగా పెట్టాడు. నవల మొదలవడమే ఒక సంఖ్యతో మొదలవుతుంది. న్యూయార్క్ ప్రాంతంలో ఇలాంటివాళ్ళు 25,56,596 మంది ఉన్నారట. జనాభా లెక్కల గుమస్తా గొంతు అది, నవ్వు తెప్పించడానికే పెట్టింది. అన్ని లక్షల మందిలో తనను ప్రేమించే ఒక్కడు దొరకక, నలభయ్యో ఏడు దగ్గరపడుతున్న కథానాయకుడు గే మగవాళ్ళు కలుసుకునే స్నానశాలలు, డిస్కోలు, ఫైర్ ఐలండ్ అనే సముద్రతీరపు విహారస్థలం వెంట తిరుగుతాడు. ఈ విచ్చలవిడితనం మనల్ని చంపుతుందని తాను ప్రేమించినవాణ్ణి హెచ్చరిస్తాడు. అప్పటికి ఏ వైరస్ పేరూ ఎవరూ వినలేదు, నవలాకారుడి ఉద్దేశంలో చచ్చేది మనసు మాత్రమే.

పుస్తకం సొంతవాళ్ళకు కారం రాసినట్టయింది. మన్‌హటన్‌లోని గే పుస్తకాల దుకాణం దాన్ని అరల్లోంచి తీసేసింది. ఫైర్ ఐలండ్‌లో కిరాణా కొట్టుకు కూడా రావద్దన్నారని ఆయనే చెప్పుకున్నాడు. వాళ్ళ కోపంలో న్యాయం లేదని నేను అనను. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బార్ మీద పోలీసు దాడిని గే జనం ఎదిరించిన తిరుగుబాటు జరిగింది 1969లో, అంటే పోలీసు లాఠీకి భయపడకుండా ఒక మగవాడు మరో మగవాడితో డాన్స్ చేయగలిగి పట్టుమని పదేళ్ళు కాలేదు. అంత కష్టపడి తెచ్చుకున్న స్వేచ్ఛను, ఆ స్వేచ్ఛ అనుభవిస్తున్న మనిషే వెక్కిరిస్తే ఎవరికి ఒళ్ళు మండదు? కానీ అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు మనవాళ్ళు. క్రేమర్ పాలికి ఆది నిష్ఠూరం, మధ్య నిష్ఠూరం, అంత్య నిష్ఠూరం అన్నీ రాసిపెట్టి ఉన్నాయి.

1981 జులై 3న న్యూయార్క్ టైమ్స్ ఇరవయ్యో పేజీలో ఒంటి కాలమ్ వార్త ఒకటి వచ్చింది, 41 మంది స్వలింగ ప్రేమికుల్లో అరుదైన క్యాన్సర్ కనిపించిందని. తర్వాత ఎయిడ్స్ అని పేరు పెట్టిన జబ్బు తొలి జాడల్లో ఒకటి అది. ఆ 41 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. ఆగస్టు 11న క్రేమర్ తన ఫ్లాట్‌కు ఎనభై మంది దాకా మగవాళ్ళను పిలిచి, ఆల్విన్ ఫ్రీడ్‌మన్-కీన్ అనే వైద్యుడి చేత మాట్లాడించాడు. అక్కడికక్కడే చందా పోగుచేస్తే 6,635 డాలర్లు వచ్చాయి. 1982 జనవరిలో అదే ఇంట్లో ఆరుగురు కూర్చుని ‘గే మెన్స్ హెల్త్ క్రైసిస్’ అనే సంస్థను స్థాపించారు. ఎయిడ్స్ రోగులకు సేవచేయడానికి పుట్టిన తొలి సంస్థ అది. ఫోన్ లైన్ పెట్టిన మొదటి రాత్రే వందకు పైగా కాల్స్ వచ్చాయి. ఆసుపత్రుల్లో వార్డు కుర్రాళ్ళు అన్నం పళ్ళెం గది గుమ్మం బయటే పెట్టి పోతున్న రోజుల్లో, ఈ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు లోపలికి వెళ్ళి తినిపించారు.

అప్పుడు కూడా క్రేమర్‌ను అందరూ నమ్మలేదు. రాబర్ట్ చెస్లీ అనే నాటకకర్త గే పత్రికకు ఉత్తరం రాస్తూ, ఈ ఆవేశం అడుగున దాగింది అపరాధ భావన, గే మగవాళ్ళు తమ విశృంఖలత్వానికి చావాల్సిందేననే తీర్పు అన్నాడు. ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ విమర్శ కాదు. ‘ఫాగట్స్’ చదివినవాడికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. చెస్లీ కూడా 1990లో ఎయిడ్స్‌తోనే చనిపోయాడు. దాన్ని బట్టి ఎవరి వాదన నెగ్గిందో తేల్చడం అమానుషం, ఆ రోజుల్లో వాదించుకున్న ఇరుపక్షాలూ ఒకే శ్మశానానికి వెళ్ళాయి.

1983 మార్చిలో ‘న్యూయార్క్ నేటివ్’ అనే ఆ గే పత్రికలోనే ఆయన వ్యాసం ‘1,112 అండ్ కౌంటింగ్’ వచ్చింది. 1,112, ఇంకా లెక్క సాగుతోంది అని అర్థం. ఈ వ్యాసం చదివి మీకు వణుకు పుట్టకపోతే మన పని అయిపోయినట్టే అని మొదటి వాక్యం. అసలు వాక్యంలోని బూతును పెద్దలున్న సభలో నేను పలకలేను. ఆ తర్వాత కాసేపటికే పద్దుల పుస్తకం తెరుచుకుంటుంది. తీవ్రమైన ఎయిడ్స్ కేసులు 1,112. మాకు మొదట భయం పుట్టినప్పుడు 41. జనవరి 13 నుంచి ఫిబ్రవరి 9 దాకా, ఇరవై ఎనిమిది రోజుల్లో, కొత్త కేసులు 164, మరణాలు 73. మొత్తం మరణాలు 418. ఆ తర్వాత తిట్ల దండకం: ఆరోగ్య శాఖను, వైద్య పరిశోధన సంస్థలను, మేయర్ ఎడ్ కోచ్‌ను, పట్టించుకోని పత్రికలను, చివరికి జబ్బు వచ్చేదాకా నోరు విప్పని గే మగవాళ్ళను పేరు పేరునా వరుసబెట్టి తిట్టాడు. వ్యాసం చివర సంఖ్యలు పోయి పేర్లు వస్తాయి. తాను ఎరిగిన, చనిపోయిన స్నేహితుల పేర్లు. ఆ జాబితా కింద, ఈ మాటలు అచ్చయ్యేసరికి పోయే మరొకడు అని ఒక ఖాళీ. నేను చదివిన రాజకీయ వ్యాసాల్లో ఇంత నిర్దాక్షిణ్యమైన ముగింపు మరొకటి లేదు. పేరు రాయకపోవడం వల్ల, చదివే ప్రతివాడూ ఆ ఖాళీలో తనకు తెలిసిన ఒక పేరు రాసుకోవలసిందే.

అదే ఏడాది, తాను పుట్టించిన సంస్థలోంచే ఆయన బయటపడ్డాడు. ఎంతోకాలం తిరస్కరించిన మేయర్ ఎట్టకేలకు కలుస్తానంటే, ఆ సమావేశానికి సంస్థ వాళ్ళు క్రేమర్‌ను తీసుకెళ్ళలేదు. కోపంతో రాజీనామా చేశాడు. తిరిగి రానివ్వమంటే బోర్డు ఒప్పుకోలేదు. బోర్డు అధ్యక్షుడు పాల్ పాప్‌హామ్ వియత్నాం యుద్ధంలో పోరాడిన సైనికుడు, తుపాకీ గుళ్ళకు వెరవనివాడు, కానీ తాను గే అని ఆఫీసులో తెలియకూడదనుకున్నవాడు. క్రేమర్ ఈ తగాదాను తన నాటకంలోకి తెచ్చినప్పుడు, కవరు మీద సంస్థ పేరులో ‘గే’ అనే మాట ఉంటే పోస్ట్‌మన్‌కు తెలిసిపోతుందని ఒక పాత్ర గొడవపడుతుంది. మూడక్షరాల మాట మీద ఉద్యోగాలు పోయే కాలం అది. ఆ పాత్రను క్రేమర్ పిరికివాడిగా రాశాడు. కానీ పాప్‌హామ్ సంస్థను నిలబెట్టి, తానూ అదే జబ్బుతో 1987లో చనిపోయాడు. ఈ విషయంలో నా సానుభూతి ఆ సైనికుడి వైపే.

తరిమేయడం వల్ల సాహిత్యానికి మాత్రం మేలు జరిగింది. ఆయన యూరప్ వెళ్ళి, మ్యూనిక్ దగ్గరి డాకౌ నాజీ నిర్బంధ శిబిరం చూశాడు. అది 1933లోనే తెరుచుకుందని, ప్రపంచం యుద్ధంలో దిగేదాకా ఎవరూ దాన్ని పట్టించుకోలేదని అక్కడ తెలుసుకుని, ఇంటికి వచ్చి ‘ది నార్మల్ హార్ట్’ నాటకం రాశాడు. 1985 ఏప్రిల్ 21న న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో అది మొదలైంది. రంగాలంకరణ అంటే ఏమీ లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్న చెక్క గోడలు, వాటి మీద నల్ల అక్షరాలతో అంకెలు, పేర్లు. ఒక గోడ మీద ఇలా ఉంది: 1982లో చికాగో ప్రాంతంలో ఎవరో టైలనాల్ అనే నొప్పి మాత్రల్లో విషం కలిపి ఏడుగురు చనిపోయినప్పుడు మూడు నెలల్లో న్యూయార్క్ టైమ్స్ 54 సార్లు రాసింది, ఎయిడ్స్ మొదలైన తొలి పందొమ్మిది నెలల్లో దాని గురించి ఏడుసార్లు రాసింది. ఇంకోచోట దేశం మొత్తంలో ఆ రోజుకు ఎయిడ్స్ కేసుల సంఖ్య. ప్రభుత్వం కొత్త సంఖ్య ప్రకటించినప్పుడల్లా థియేటర్ వాళ్ళు పాతది కొట్టేసి దాని కిందే కొత్తది రాసేవాళ్ళు. పాతది చెరిపేయకుండా అడ్డంగా గీత మాత్రమే గీశారు. 1985 ఆగస్టు 1న ఆ గోడ మీది అంకె 12,062. నాటకం ఆడుతున్నంతసేపూ ప్రేక్షకుడి కళ్ళ ముందు కొట్టివేతల నిచ్చెన ఒకటి నేలవైపు దిగుతూ ఉంటుంది.

తెలుగువాళ్ళకు ఇది పూర్తిగా కొత్త కాదు. 1897లో ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట తీసి చూడండి. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తయారుచేయిస్తే 1,034 తేలాయని, ఏడాది వయసు పిల్లలకు కూడా ధర కట్టారని అందులో ఉంటుంది. గురజాడ ఆ లెక్కను ముందుమాటలో ఉంచి, నాటకంలోకి గిరీశాన్ని పంపించి మనల్ని నవ్వించాడు. క్రేమర్‌కు ఆ ఓపిక లేదు, లెక్కను నేరుగా రంగస్థలం గోడకే ఎక్కించాడు. కళగా ఏది మేలని నన్నడిగితే గురజాడ పద్ధతే అంటాను. కానీ గురజాడ నాటకం రాసేటప్పుడు ప్రేక్షకులు వారం వారం చనిపోవడం లేదు.

ఈ నాటకంలో ఒక దృశ్యాన్ని నేను చాలా ఏళ్ళ కిందట డిగ్రీ పిల్లల చేత చదివించాను. నెడ్ అనే కథానాయకుడు క్రేమరే. అతని ప్రియుడు ఫీలిక్స్ పత్రికా విలేఖరి, ఎయిడ్స్‌తో చిక్కిపోయి, తిండి మానేసి నేల మీద కూర్చుని ఉంటాడు. నెడ్ సంచీ నిండా సరుకులు తెచ్చి, బతిమాలి, కోప్పడి, చివరికి ఒక్కొక్క సరుకూ తీసి నేలకేసి కొడతాడు. ఆఖరున పాల డబ్బా పగిలి పాలు నేల పాలవుతాయి. ఆ మరుక్షణం ఇద్దరూ ఆ తడిలోనే ఒకరినొకరు పట్టుకుంటారు. చదవడం అయిపోయాక వెనక బెంచీ అమ్మాయి ఒకతె, ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా నాన్న అన్నం తిననంటే మా అమ్మ అచ్చం ఇలాగే గిన్నె విసిరికొట్టింది సార్ అంది. అంతకు ముందు రోజు దాకా ఈ నాటకం మనకెందుకని సణిగిన తరగతి ఆ తర్వాత సణగలేదు. తిట్టు మాట దాటి వస్తువులు విసిరేదాకా పోయే ప్రేమ ఆ ఒక్క దృశ్యంలో ఉంది, క్రేమర్ ప్రజాజీవితం మొత్తం దానికి పెద్దక్షరాల ప్రతి.

మళ్ళీ 1987కు వద్దాం. మార్చి 10 ప్రసంగం తర్వాత పుట్టిన ఉద్యమం పేరు ‘ఆక్ట్ అప్’. సరిగ్గా ఆ రోజుల్లోనే, మార్చి 19న, ఎయిడ్స్‌కు తొలి మందు ఏజడ్‌టీకి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. బరోస్ వెల్‌కమ్ కంపెనీ పెట్టిన ధర ఏడాదికి సుమారు 10,000 డాలర్లు. మార్చి 24 ఉదయం వాల్ స్ట్రీట్‌లో రోడ్డుకు అడ్డంగా కూర్చుని పదిహేడు మంది అరెస్టయ్యారు. 1988 అక్టోబరులో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కార్యాలయాన్ని ఒక రోజంతా దిగ్బంధించారు. 1989 సెప్టెంబరు 14న పీటర్ స్టేలీ బృందం సూట్లు వేసుకుని, దొంగ బ్యాడ్జీలతో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి వెళ్ళి, బాల్కనీ కమ్మీలకు గొలుసులతో కట్టేసుకుని, వ్యాపారం మొదలయ్యే గంట వినపడకుండా గాలి హారన్లు మోగించింది. రోజుల వ్యవధిలో కంపెనీ ధర ఇరవై శాతం తగ్గించింది. హారన్ మాట నేను మొదట సరదాగా అన్నాను కానీ, చూశారుగా.

అయితే కేకలతోనే పని జరిగిందనుకుంటే పొరపాటు. ఆక్ట్ అప్‌లో ఐరిస్ లాంగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేది. ఆమె లెస్బియన్ కాదు, క్వీన్స్ ప్రాంతంలో ఉండే గృహిణి. మందుల పరీక్షలు ఎలా జరుగుతాయో, ప్రభుత్వ కాగితాలు ఎలా చదవాలో ఆమె కుర్రాళ్ళకు కూర్చోబెట్టి నేర్పింది. సైన్సు చదవని మార్క్ హారింగ్టన్ లాంటివాళ్ళు రెండేళ్ళలో వైరాలజిస్టులతో సమానంగా వాదించే స్థాయికి వచ్చారు. కొత్త మందు పరీక్షలు పూర్తయ్యేలోపు, వాటిలో చేరే వీలులేని రోగులకు కూడా సమాంతరంగా మందు ఇవ్వాలన్న వాళ్ళ డిమాండును ప్రభుత్వం ఒప్పుకుంది. పరిశోధన కమిటీల్లో రోగుల ప్రతినిధులకు కుర్చీ దొరికింది. ఈ పనేదీ క్రేమర్ చేయలేదు. ఆయనకు కమిటీల్లో కూర్చునే ఓపిక లేదు, నిప్పు రాజేయడం వరకే ఆయన పని, వండినవాళ్ళు వేరు.

ఆంథోనీ ఫౌచీ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎయిడ్స్ పరిశోధనకు నిధులు పంచే జాతీయ సంస్థకు ఆయన 1984 నుంచి 2022 దాకా డైరెక్టర్. 1988లో క్రేమర్ పత్రికలో బహిరంగ లేఖ రాసి ఆయన్ను చేతకాని మూర్ఖుడన్నాడు, హంతకుడన్నాడు. ఫౌచీ కేసు పెట్టలేదు, ముఖం చాటేయలేదు, వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి విన్నాడు. ఏళ్ళు గడిచేసరికి ఇద్దరూ స్నేహితులయ్యారు. అమెరికా వైద్యంలో రెండు యుగాలున్నాయి, లారీకి ముందు, లారీకి తర్వాత అని చెప్పింది ఆ తిట్లు తిన్న ఫౌచీయే.

ఏజడ్‌టీ ప్రస్తావన వచ్చింది కనుక హైదరాబాద్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. క్రేమర్ పుట్టిన 1935లోనే, ఆయనకన్నా దాదాపు మూడు నెలల ముందు, ఏప్రిల్ 2న గుంటూరులో పుట్టినవారు ఆళ్ళ వెంకట రామారావు గారు. తార్నాకలోని ఐఐసీటీ అనే ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థకు ఆయన డైరెక్టరుగా ఉన్నప్పుడు ఏజడ్‌టీని చవకగా తయారుచేసే పద్ధతి అక్కడ రూపొందింది, దాన్ని తీసుకుని సిప్లా అనే మందుల కంపెనీ 1993లో మందును మన మార్కెట్లోకి తెచ్చింది. ధర రోజుకు రెండు డాలర్లకు లోపు. ఆ కాస్త కూడా మన రోగుల్లో ఎక్కువమందికి అందలేదన్నది నిజం. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో గానీ మొదలవలేదు. కేసులు ఎక్కువగా ఉన్నందువల్ల మొదటి విడత ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. క్రేమర్‌కు తార్నాక ఎక్కడుందో తెలిసి ఉండకపోవచ్చు, రామారావు గారు ఏ ఊరేగింపులోనూ నడవలేదు. అయినా ఒకే అణువు మీద అక్కడ ధర కోసం గొలుసులు కట్టుకున్నారు, ఇక్కడ ధర తగ్గించే రసాయన మార్గం వెతికారు.

క్రేమర్‌ను మహాత్ముణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన నాటకంలో ఎయిడ్స్ అంటే చదువుకున్న తెల్ల మగవాళ్ళ జబ్బు. నల్లవాళ్ళు, సూదిమందు వ్యసనపరులు, జబ్బు సోకిన ఆడవాళ్ళు గోడ మీది అంకెల్లో ఉన్నారే తప్ప వేదిక మీదికి రాలేదు. ఆక్ట్ అప్‌ను భుజాన మోసిన లెస్బియన్ స్త్రీలకు ఆయన జ్ఞాపకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ. ప్రతి నిర్లక్ష్యాన్నీ హత్య అనేవాడు, ప్రతి అధికారినీ నాజీతో పోల్చేవాడు. అన్ని చోట్లా ఒకే మాట వాడితే ఆ మాట అరిగిపోతుందన్న చింత ఆయనకు లేదు. చివరి పెద్ద నవల ‘ది అమెరికన్ పీపుల్’ రెండు సంపుటాల్లో, వాషింగ్టన్, లింకన్‌లతో సహా దేశ చరిత్రలోని పెద్దలెందరినో ఆధారాల బెడద లేకుండా గే మగవాళ్ళని తేల్చాడు. లెక్కల మనిషి అక్కడ లెక్క తప్పాడనే నా అభిప్రాయం. 2014లో, హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే ట్రువాడా మాత్ర గురించి, కండోమ్ బదులు అది మింగడం పిరికితనం అన్నాడు. ‘ఫాగట్స్’ రాసిన పాత ఉపదేశకుడు మళ్ళీ నిద్రలేచాడన్నమాట. కొంతకాలానికి మనసు మార్చుకున్నాడు, అది కూడా చెప్పాలి.

తనకు హెచ్‌ఐవీ ఉందని 1988లో తెలిసినా ఆయన్ను చావు అంచుకు తీసుకెళ్ళింది హెపటైటిస్ బి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు కాలేయ మార్పిడి చేయడానికి ఆసుపత్రులు వెనకాడుతున్న రోజుల్లో, 2001 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో ఆయనకు కొత్త కాలేయం అమర్చారు. ఆయన చనిపోయాడని ఒక వార్తాసంస్థ ముందే వార్త పంపేసింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికి మరీ దాన్ని ఖండించాడు. ఆ మధ్యలో ఒక ముచ్చట. పదవి దిగిపోయిన మేయర్ కోచ్ క్రేమర్ ఉండే అపార్ట్‌మెంట్ భవనంలోకే కాపురం వచ్చాడు. ఒకరోజు కింద ఉత్తరాల పెట్టెల దగ్గర కోచ్ వంగి క్రేమర్ కుక్కను నిమరబోతే, క్రేమర్ దాన్ని పక్కకు లాగి, మోలీ, నాన్న స్నేహితులందరినీ చంపింది ఈయనే అన్నాడట. ఇది ఆయన స్వయంగా చెప్పుకున్న కథ, కాబట్టి కొంత పోపు పడి ఉండవచ్చు.

‘ది నార్మల్ హార్ట్’ చివర, ఆసుపత్రి మంచం మీద ఉన్న ఫీలిక్స్‌కూ నెడ్‌కూ డాక్టరే పెళ్ళి జరిపిస్తుంది. 1985లో అది చట్టంలో లేని పెళ్ళి. 2013 జులై 24న న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్‌లో, మంచం మీద ఉన్న క్రేమర్‌కు డేవిడ్ వెబ్‌స్టర్ అనే ఆర్కిటెక్ట్‌తో చట్టబద్ధంగా పెళ్ళి జరిగింది. 1978 నాటి నవలలో కథానాయకుణ్ణి కాదని వెళ్ళిపోయిన ప్రియుడికి మూలం ఈ వెబ్‌స్టరే. ఎన్నో ఏళ్ళ ఎడబాటు తర్వాత 1990ల్లో తిరిగి కలిశారు. అంటే ఆ 25,56,596 మందిలో వెతికిన ఒక్కడు దొరికాడు, కాకపోతే ఆలస్యంగా. క్రేమర్ 2020 మే 27న, మరో మహమ్మారి నడుస్తుండగా, న్యుమోనియాతో ఎనభై నాలుగేళ్ళ వయసులో చనిపోయాడు.

ఇక ఒక్క దృశ్యం చెప్పి ముగిస్తాను. 2011లో ‘ది నార్మల్ హార్ట్’ మొదటిసారి న్యూయార్క్ పెద్ద నాటకశాలల కూడలి బ్రాడ్‌వేకు వచ్చింది, ఆ ఏడాది ఉత్తమ పునఃప్రదర్శనకు అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డు కూడా గెలుచుకుంది. ప్రదర్శన ముగిసి ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వస్తుంటే, డెబ్బై అయిదేళ్ళ నాటకకర్త ఆ థియేటర్ ముందు కాలిబాట మీద నిలబడి కాగితాలు పంచేవాడు. అందులో ఉన్నది కృతజ్ఞతతో మొదలయ్యే ఒక ఉత్తరం. మీరు చూసినదంతా నిజంగా జరిగిందని, ఈ మనుషులు నిజంగా బతికి మాట్లాడి చనిపోయారని, ఈ జబ్బుకు ఇప్పటికీ నయం లేదని అందులో రాశాడు. అలవాటు ప్రకారం అంకెలు కూడా వేశాడు. ప్రపంచంలో తక్కువలో తక్కువ 7.5 కోట్ల మందికి సోకింది, 3.5 కోట్ల మంది చనిపోయారు, మీరిప్పుడు చూసిన నాటకం మొదలయ్యేనాటికి ఆ సంఖ్య 41.